ముందు ఊపిరి, ఆ తర్వాతే కారణం

మన హేతువాద సంఘాల సమావేశాల్లో మంత్రగాళ్ళ గురించి, భూతవైద్యుల గురించి చాలా మాట్లాడుకుంటాం. పాముకాటుకు మంత్రం పనిచేయదని, చేతబడి అబద్ధమని చెబుతాం, కొన్నిసార్లు చేసి చూపిస్తాం. అంతా అవసరమే. కాని మంత్రగాడి దగ్గరకు పోవద్దని చెప్పిన తర్వాత, కళ్ళ ముందు పడి ఉన్న మనిషిలో ముందు ఏం చూడాలి, తర్వాత ఏం చూడాలి అని అడిగితే మనలో ఎంతమందికి జవాబు తెలుసు? "ఆస్పత్రికి తీసుకెళ్ళండి" అనడంతో మన సైన్సు అయిపోతుంది. ఆస్పత్రి పది నిమిషాల దూరంలో ఉన్నవాళ్ళకు అది చాలు. బస్తర్‌లో చాలదు.

నేను వైద్యుడిని కాను. బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైనవాడిని. కాబట్టి వైద్యం ఎలా చేయాలో చెప్పే సాహసం చేయను. రోగిని ఏ వరుసలో చూడాలి అన్న పద్ధతి ఎలా పుట్టింది, బస్తర్‌కు, దాని పొరుగుకు వచ్చేసరికి అది ఏ రూపం తీసుకుంది అన్న చరిత్ర మాత్రమే రాస్తున్నాను.

బస్తర్ మనకు పరాయి దేశం కాదు. ఓరుగల్లు పతనం తర్వాత కాకతీయుల వంశం వాడు అన్నమదేవుడు అక్కడికి వెళ్ళి రాజ్యం స్థాపించాడని ఆ రాజకుటుంబమే చెప్పుకుంటుంది. కొంటా, భోపాలపట్నం వైపు తెలుగు ఇప్పటికీ ఇంటి భాష. పాత బస్తర్ జిల్లా విస్తీర్ణం సుమారు 39 వేల చదరపు కిలోమీటర్లు, అంటే కేరళ కన్నా కొంచెం పెద్దది. ఇప్పుడు దాన్ని ఏడు జిల్లాలుగా విడగొట్టారు. జగదల్‌పూర్‌కు వైద్య కళాశాల వచ్చింది 2006లో. అంతకు ముందు అంత పెద్ద ప్రాంతంలో ఒక్కటి కూడా లేదు.

అక్కడ మనిషి పడిపోతే ముందు వచ్చేది సిరహా గాని, గునియా గాని. సిరహా అంటే దేవత పూనేవాడు. గునియా మంత్రం, మూలిక తెలిసినవాడు. దక్షిణాన మన కోయల వైపు వడ్డె అంటారు. వాళ్ళు రోగిని చూడరని కొందరు అనుకుంటారు, అది తప్పు. చూస్తారు. నాడి పట్టుకుంటారు, బియ్యం గింజలు వేసి చూస్తారు, దీపం వెలుగు చూస్తారు, ఇంటివాళ్ళను ప్రశ్నలు అడుగుతారు. అయితే ఇదంతా ఒకే ప్రశ్నకు జవాబు కోసం: ఎవరు చేశారు? ఏ దేవతకు కోపం వచ్చింది, ఏ పూర్వీకుడికి పెట్టవలసింది పెట్టలేదు, ఏ పొరుగింటి ఆడదాని చూపు తగిలింది?

రిటైరయ్యాక మిత్రులతో కలిసి రెండుసార్లు ఆ వైపు వెళ్ళాను. కొంటా దగ్గర శబరి ఒడ్డున ఒక ముసలి వడ్డెతో మాట్లాడాను. తెలుగు బాగానే వచ్చు. "పెద్దాయనా, మనిషి పడిపోయాడని పిలిస్తే మీరు ముందు ఏం చూస్తారు?" అని అడిగాను. "ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తా సారూ. అది తెలవకుండా మందేటి ఇస్తాం?" అన్నాడు. నా పక్కనున్న మిత్రుడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ జవాబు తర్కం లేనిది కాదు. కారణం తెలిస్తేనే మందు అన్నది వినడానికి చాలా సబబుగా ఉంటుంది. మన డాక్టర్లు కూడా మొన్న మొన్నటి దాకా దాదాపు అదే అన్నారు. అది తర్వాత చెబుతాను.

కారణాన్ని ముందు వెతికితే ఏమవుతుందో వెరియర్ ఎల్విన్ 1943లో అచ్చువేసిన "మరియా మర్డర్ అండ్ సూయిసైడ్" పుస్తకంలో కనబడుతుంది. బైసన్‌హార్న్ మరియాల మధ్య జరిగిన 100 హత్య కేసులు, 50 ఆత్మహత్యలు తీసుకుని ఆయన పరిశీలించాడు. వాటిలో మంత్రగత్తె, మంత్రగాడు అన్న అనుమానంతో జరిగినవి ఉన్నాయి. ఇంట్లో ఒకరికి జబ్బు చేసింది, "ఎవరు చేశారు" అన్న ప్రశ్నకు ఒక పేరు దొరికింది. దాంతో ఒక రోగి స్థానంలో ఇద్దరు చచ్చారు. ఇది పాత కథ కూడా కాదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో టోనహీ ప్రతాడన నివారణ చట్టం తేవలసి వచ్చింది. ఒక మనిషిని టోనహీ, అంటే మంత్రగత్తె, అని ముద్ర వేస్తే మూడేళ్ళ దాకా, హింసిస్తే అయిదేళ్ళ దాకా శిక్ష. చట్టం మంచిదే. అయితే చట్టం "ఎవరు చేశారు" అనడాన్ని నిషేధించగలదు గాని, ఆ ప్రశ్న స్థానంలో మరో ప్రశ్నను పెట్టలేదు.

ఇది అడవి వాళ్ళ జబ్బు మాత్రమే అనుకోకండి. బస్తర్ రాణి ప్రఫుల్ల కుమారీ దేవి 1936లో లండన్‌లో అపెండిసైటిస్ ఆపరేషన్ తర్వాత చనిపోయింది. పెన్సిలిన్ ఇంకా వాడుకలోకి రాని రోజులు. అపెండిక్స్ ఆపరేషన్ అంటే అప్పట్లో ప్రాణాపాయమే. ఆమె శరీరానికి ఏమైంది అన్నది పక్కకుపోయి, ఇంగ్లీషువాళ్ళు చంపారా లేదా అన్నదే చర్చగా మిగిలింది. చదువుకున్నవాళ్ళు కూడా ఆ చర్చే చేస్తారు.

ఇక రెండో వరుస చరిత్రకు వస్తాను. ఇక్కడ ముఖ్యమైన మార్పు, నాడిని "చదవడం" నుంచి నాడిని "లెక్కపెట్టడం"కు రావడం. మన వైద్యులు, చైనా వైద్యులు, గ్రీకుల దారిలో నడిచిన యూరప్ వైద్యులు అందరూ నాడి పట్టారు. పాములా నడుస్తోందా, కప్పలా దూకుతోందా, హంసలా సాగుతోందా అని దాని స్వభావం చూశారు. ఒకే రోగి చెయ్యి ముగ్గురు పట్టుకుంటే మూడు జవాబులు రావచ్చు. ఇంగ్లండులో జాన్ ఫ్లోయర్ అనే వైద్యుడు సరిగ్గా ఒక నిమిషం నడిచే గడియారం చేయించి 1707లో దాని గురించి పుస్తకం రాశాడు. గడియారం పెట్టి లెక్కపెడితే పండితుడికి, పామరుడికి ఒకే అంకె వస్తుంది. నా దృష్టిలో అది వైద్యంలో ప్రజాస్వామ్యం. అయినా డాక్టర్లు ఆ పనిని మామూలుగా చేయడానికి ఇంకో వందేళ్ళకు పైగా పట్టింది. జర్మనీలో వుండర్‌లిష్ 1868లో వేలాది రోగుల జ్వరం అంకెలను అచ్చువేశాడు. అప్పటి థర్మామీటర్లు అడుగు పొడవుండేవి, ఒక్కో కొలతకు ఇరవై నిమిషాలు పట్టేది. అదే కాలంలో ఇంగ్లండులో ఆల్‌బట్ చిన్న థర్మామీటరు చేయించాడు. రక్తపోటుకు చేతికి చుట్టే పట్టీని 1896లో ఇటలీ డాక్టరు రీవా రోచీ తయారుచేస్తే, దాని కింద స్టెతస్కోపు పెట్టి వినాలని 1905లో రష్యా డాక్టరు కొరోట్కోవ్ చెప్పాడు. నాడి, ఊపిరి, జ్వరం, రక్తపోటు ఇలా నాలుగు అంకెలయ్యాయి.

అంకెలు వచ్చినా వరుస రాలేదు. ఎవరిని ముందు చూడాలి అన్న వరుసను నెపోలియన్ సైన్యంలోని సర్జన్ లారే పెట్టాడు. గాయం తీవ్రతే లెక్క, హోదా లెక్క కాదు, శత్రువైనా సరే అన్నాడు. నేను పనిచేసిన శాఖలో రైలు పెట్టె నుంచి ఆస్పత్రి వార్డు దాకా ప్రతి అర్హతా ర్యాంకును బట్టే. రెండు వందల ఏళ్ళ క్రితం ఒక సైన్యంలోనే ర్యాంకు పక్కన పెట్టమన్నవాడు ఉన్నాడని తెలిసినప్పుడు ఆశ్చర్యపడ్డాను.

ఒకే మనిషిలో ఏది ముందు చూడాలి అన్న వరుస మాత్రం చాలా ఆలస్యంగా, 20వ శతాబ్దం రెండో సగంలో వచ్చింది. 1950ల చివర అమెరికాలో పీటర్ సఫార్ అనే మత్తు డాక్టరు నోటితో నోట్లోకి ఊపిరి ఊదడం పనిచేస్తుందని వాలంటీర్ల మీద ప్రయోగాలు చేసి చూపాడు. 1960లో కౌవెన్‌హోవెన్ బృందం ఛాతీ మీద నొక్కి గుండెను నడిపించవచ్చని చూపింది. ఈ రెండూ కలిసి ఏబీసీ అయింది. ఏ అంటే ఊపిరి వెళ్ళే దారి, బీ అంటే ఊపిరి, సీ అంటే రక్త ప్రసరణ.

అసలు మలుపు 1976 ఫిబ్రవరిలో జరిగింది. జేమ్స్ స్టైనర్ అనే ఎముకల సర్జన్ భార్యను, నలుగురు పిల్లలను తన చిన్న విమానంలో తీసుకువెళుతుంటే అమెరికాలోని నెబ్రాస్కాలో పొలాల మధ్య అది కూలింది. భార్య అక్కడే చనిపోయింది. పిల్లల్లో ముగ్గురికి తీవ్ర గాయాలు. రోడ్డు మీద పోయే కారు ఆపి దగ్గరలోని చిన్న ఆస్పత్రికి చేరితే తలుపు తాళం వేసి ఉంది. తర్వాత అందిన వైద్యం చూసి, చీకట్లో పొలంలో వట్టి చేతులతో తాను చేసిందే ఇంతకన్నా నయం అనిపించిందట ఆయనకు. అక్కడి డాక్టర్లు చదువు లేనివాళ్ళు కాదు. కాలేజీలో నేర్పిన వరుసలో వెళ్ళేవాళ్ళు. ముందు రోగి చరిత్ర అడగాలి, తర్వాత తల నుంచి కాలి దాకా పరీక్ష, తర్వాత టెస్టులు, తర్వాత రోగ నిర్ధారణ, చివరికి చికిత్స. అంటే కారణం తెలిశాకే మందు. శబరి ఒడ్డున వడ్డె నాకు చెప్పిన జవాబు సరిగ్గా ఇదే!

స్టైనర్, ఆయన సహచరులు కలిసి 1978లో నెబ్రాస్కాలో ఒక శిక్షణ మొదలుపెట్టారు. 1980లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ దాన్ని తీసుకుంది, ఇప్పుడు ప్రపంచమంతా నేర్పుతున్నారు. అందులోని ముఖ్యమైన మాటలు మూడు. ప్రాణాన్ని ముందు తీసేదాన్ని ముందు సరిచేయి. రోగ నిర్ధారణ కాలేదని చికిత్స ఆపకు. పూర్తి చరిత్ర తెలియకపోయినా మొదలుపెట్టు. ఏబీసీకి తోడు డీ, ఈ చేర్చారు: స్పృహ ఎంత ఉందో చూడటం, బట్టలు తీసి ఒళ్ళంతా చూడటం. ఈ అయిదింటిలో "ఎవరు", "ఎందుకు" ఎక్కడా లేవు.

స్పృహను కొలవడానికి 1974లోనే గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ ఒక కొలబద్ద ఇచ్చారు. కళ్ళు తెరుస్తున్నాడా, మాట్లాడుతున్నాడా, చెయ్యీ కాలూ కదుపుతున్నాడా అని చూసి 3 నుంచి 15 మధ్య అంకె వేస్తారు. అంబులెన్సులో అంత సమయం లేకపోతే నాలుగే ప్రశ్నలు. మెలకువగా ఉన్నాడా? పిలిస్తే పలుకుతున్నాడా? గిల్లితే కదులుతున్నాడా? దేనికీ కదలడం లేదా? ఇది నేర్చుకోవడానికి డిగ్రీ అక్కరలేదు.

ఆడిట్‌లో ఉన్నవాడికి ఇది కొత్త విషయంలా అనిపించదు. ఏదైనా యూనిట్‌కు ఆకస్మిక తనిఖీకి వెళితే మేము ముందు పుస్తకాలు తెరవం. ముందు నగదు పెట్టె దగ్గర కూర్చుని ఉన్న డబ్బు లెక్కపెడతాం. ఎంత ఉందో రాసి సంతకాలు తీసుకున్నాకే క్యాష్ బుక్కు. ఎక్కడ తేడా, ఎవరు చేశారు అన్నవి ఆ తర్వాత. ముందే కారణం వెతుకుతూ పుస్తకాల్లో కూర్చుంటే సాయంత్రానికి పెట్టెలో డబ్బు సర్దుకుంటుంది. దీనికి పెద్ద ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. పుస్తకాలు మాత్రం ఏళ్ళ తరబడి ముచ్చటగా ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే, 108 అంబులెన్సులకు పునాది అయిన ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థను స్థాపించింది కూడా ఆ రాజు కుటుంబమే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైంది. ముందు ఊపిరి దారి, తర్వాత ఊపిరి, తర్వాత నాడి అని ఆ వాహనాల్లోని కుర్రాళ్ళకు చక్కగా నేర్పించారు. సత్యం కుంభకోణం తర్వాత జీవీకే దాన్ని తీసుకుంది. 2011లో 108 ఛత్తీస్‌గఢ్‌కు వెళ్ళింది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. సిరహాకు ఒక వరుస, మీకు ఒక వరుస, ఇదీ ఒక శాస్త్రవచనమే కదా అని. కాదు. ఈ వరుస రెండు మూడుసార్లు మారింది. వియత్నాం యుద్ధంలో కాళ్ళూ చేతుల గాయాల నుంచి రక్తం కారి చనిపోయినవాళ్ళను, ఒక పట్టీ బిగిస్తే బతికేవాళ్ళను, లెక్కవేసి చూశారు. దాని ఆధారంగా 1996లో అమెరికా సైనిక వైద్యులు యుద్ధరంగానికి కొత్త వరుస ప్రతిపాదించారు. అందులో ఊపిరి దారి కన్నా ముందు ధారగా కారే రక్తాన్ని ఆపాలి. గుండె ఆగినవాళ్ళ విషయంలో 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఏబీసీని సీఏబీగా తిప్పింది, ముందు ఛాతీ నొక్కడం అని. శవాలను లెక్కపెట్టి వరుస మార్చుకునే పద్ధతిని శాస్త్రవచనం అనలేం.

బస్తర్‌కు ఈ మార్పు చాలా పనికివచ్చింది. మందుపాతర పేలితే ముందు పోయేవి కాళ్ళు. తొక్కింది జవానైనా, తునికాకుకు వెళ్ళిన ఆడమనిషైనా రక్తం ఒకే వేగంతో పోతుంది. రోడ్డు లేనిచోట నుంచి గాయపడ్డవాళ్ళను తేవడానికి ఢిల్లీలోని రక్షణ పరిశోధన సంస్థ, అణువైద్య విభాగం "రక్షిత" అనే మోటారు సైకిలు అంబులెన్సు తయారుచేసి 2021 జనవరి 18న సీఆర్పీఎఫ్‌కు ఇచ్చింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ బండి మీద వెనక్కి వాలే సీటు, నడిపేవాడికి ఎదురుగా రోగి అంకెలు కనబడే చిన్న తెర. రక్షణ బడ్జెట్‌లో పనికొచ్చే ఖర్చులు కూడా ఉంటాయని చెప్పడానికి నాకు దొరికిన మంచి ఉదాహరణ ఇది. ఊళ్ళ వాళ్ళకు మాత్రం చాలాచోట్ల మంచాన్ని కావడిలా కట్టి మోసుకు రావడమే దారి.

ఇప్పుడు పాముకాటు. హేతువాదులు ఎక్కువగా మాట్లాడేది, తక్కువగా చదివేది దీని గురించే. కట్లపామును తీసుకోండి. వానాకాలం రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, వాపు ఉండదు, కాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి. మాట ముద్దవుతుంది, మెడ నిలబడదు, చివరికి ఊపిరి కండరాలు ఆగుతాయి. పాము కనబడలేదు కాబట్టి పాముకాటు అని ఎవరికీ తోచదు. రాత్రి బాగున్న మనిషి పొద్దున కళ్ళు మూసుకుని, మాట లేకుండా పడి ఉన్నాడు. గాలి సోకిందని తప్ప గునియాకు ఇంకేం తోస్తుంది? ఇంకా దారుణం ఏమిటంటే ఆ మనిషికి లోపల స్పృహ ఉండవచ్చు. అన్నీ వినబడుతుంటాయి, వేలు కదపలేడు. ఇక్కడ గ్లాస్గో కొలబద్ద కూడా మోసపోతుంది. 3 అంకె చూసి మెదడు పోయిందని నిర్ధారించకూడదని అందుకే చెబుతారు.

కారణం తెలియని ఇలాంటి రోగి దగ్గర కారణం వెతికే పద్ధతి ఓడిపోతుంది, ఊపిరి చూసే పద్ధతి గెలుస్తుంది. పాము పేరు తెలియనక్కరలేదు. "ఒక్క ఊపిరిలో ఎంత దాకా లెక్కపెట్టగలవు?" అని అడగాలి. అరగంట క్రితం ముప్పై దాకా వెళ్ళినవాడు ఇప్పుడు పన్నెండు దగ్గర ఆగితే ఊపిరి కండరాలు పోతున్నాయన్నమాట. హల్బీలో లెక్కపెట్టినా, గోండీలో లెక్కపెట్టినా, తెలుగులో లెక్కపెట్టినా తేడా లేదు. ఊపిరి ఆగితే రబ్బరు సంచితో గాలి కొడుతూ పెద్దాస్పత్రి దాకా తీసుకువెళ్ళవచ్చు. విషానికి విరుగుడు మందు తర్వాత పని చేస్తుంది, ముందు ఊపిరి నిలబడాలి.

మరి గునియాకు పేరు ఎలా నిలిచింది? లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ఏడాదికి సుమారు 54 లక్షల పాముకాట్లు. వాటిలో విషం ఎక్కేవి 18 నుంచి 27 లక్షలు. చావులు 81 వేల నుంచి 1,38,000. అంటే కాటు తిన్న ఇద్దరిలో కనీసం ఒకరికి విషమే ఎక్కదు, వందలో తొంభై ఏడు మందికి పైగా బతుకుతారు. ఆస్పత్రుల వాటా తీసేసినా గునియాకు మిగిలేది చాలా మంచి రికార్డు. తన దగ్గరకు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది బతికారని ఆయన చెప్పేది నిజమే, అబద్ధం ఆడటం లేదు. అబద్ధం ఆ మిగతా కొద్దిమంది దగ్గర ఉంది. 2005 సంవత్సరానికి మన దేశంలో పాముకాటు చావులు దాదాపు 46 వేలని 2011లో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. అందులో ఉత్తరప్రదేశ్ 8,700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 5,200. బస్తర్‌ను చూసి నవ్వేవాళ్ళు ఆ రెండో అంకె దగ్గర కాసేపు ఆగాలి. చనిపోయినవాళ్ళలో నలుగురిలో ముగ్గురికి పైగా ఆస్పత్రి బయటే పోయారు.

ఇంద్రావతి దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అవే అడవులు, అవే మాడియా గోండులు, సిరొంచ వైపు అదే తెలుగు. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ చేసిన పని మన చర్చలో ఎప్పుడూ ఎందుకు రాదో నాకు అర్థం కాదు. చిన్నపిల్లల చావుల్లో పెద్ద భాగం న్యుమోనియా వల్ల. ఎక్స్‌రే లేదు, డాక్టరు లేడు. అయితే దగ్గు ఉన్న పిల్లవాడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెడితే న్యుమోనియాను పట్టుకోవచ్చని అప్పటికే పపువా న్యూ గినీలో ఫ్రాంక్ షాన్ పరిశోధనలు చూపాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత ఇది: రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ళ లోపు 40. ఆ గీతకు చేరితే ప్రమాదం.

గడ్చిరోలిలో మంత్రసానులకు చదువు రాదు, చాలామందికి పెద్ద అంకెలు లెక్కపెట్టడం రాదు. అరవై దాకా ఎలా? బంగ్ దంపతులు ఒక చెక్కకు పూసలు గుచ్చి, పక్కన ఒక నిమిషం ఇసుక గడియారం పెట్టారు. పది ఊపిరులు కాగానే ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోపు ఎర్రపూస జరపవలసి వస్తే న్యుమోనియా, మందు మొదలుపెట్టాలి. అంతే. ఫ్లోయర్ గడియారం మూడు వందల ఏళ్ళు తిరిగి ఒక కొయ్య పలకగా మాడియా గూడెం చేరింది. 1990లో లాన్సెట్ పత్రికలో వచ్చిన వాళ్ళ ఫలితాల ప్రకారం, ఈ పద్ధతి పెట్టిన గ్రామాల్లో పిల్లల న్యుమోనియా చావులు, పోల్చి చూసిన గ్రామాల కన్నా దాదాపు సగం. బిడ్డకు ఎవరి చూపు తగిలింది అన్న ప్రశ్నకు ఆ పలక జవాబు చెప్పదు, అడగదు కూడా. నమ్మకాన్ని ఎవరూ ఖండించలేదు. వాదన లేకుండానే దాని వంతు చివరికి జరిగిపోయింది. మన సంఘాల్లో మేకులు మింగి, నిప్పుల మీద నడిచి చూపించే కార్యక్రమాలు ఎన్నో చూశాను. ఈ పూసల పలక ఒక్కటి వాటన్నిటి కన్నా ఎక్కువ హేతువాదం చేసిందని నా అభిప్రాయం. మిత్రులకు కోపం వస్తే రానివ్వండి.

ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన మితానిన్ పథకం కూడా ఈ దారిదే. ఆశా కార్యకర్తల పథకానికి అది ముందు నడక. ఊరి ఆడవాళ్ళే, బిడ్డ ఊపిరి చూడటం, మలేరియా టెస్టు చేయడం నేర్చుకున్నారు. మలేరియా బస్తర్‌కు పెద్ద శాపం. మెదడుకు ఎక్కిన మలేరియాతో బిడ్డ మూర్ఛలు వచ్చి పడిపోతే దయ్యం అనడం అక్కడా ఉంది, ఆఫ్రికాలోనూ ఉంది. మాటలు రాని బిడ్డకు గ్లాస్గో కొలబద్ద పనికిరాదని ఆఫ్రికాలోని మలావీ దేశంలో, బ్లాంటైర్ ఊళ్ళో డాక్టర్లు 1989లో 0 నుంచి 5 దాకా ఒక చిన్న కొలబద్ద తయారుచేశారు. ఏడుపు ఎలా ఉంది, నొప్పి ఎక్కడుందో గుర్తుపట్టి చెయ్యి తీస్తున్నాడా, కళ్ళు అమ్మ ముఖం వెంట తిరుగుతున్నాయా. పేద దేశాలకు కావలసిన కొలబద్దలు పేద దేశాల్లోనే పుట్టాయి, పూసల పలక లాగే. 2020లో మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమం మొదటి విడతలో ఇంటింటికీ వెళ్ళి 14 లక్షల మందికి పైగా టెస్టు చేస్తే 64 వేలకు పైగా మలేరియా తేలింది. వాళ్ళలో సగానికి పైగా మందికి జ్వరమే లేదు. చూసి తెలుసుకోవడానికి కూడా హద్దు ఉందని, అక్కడ రక్తపు చుక్కే మాట్లాడాలని అది చెప్పింది.

ఒకవైపు గునియాలను జైల్లో వేయాలనేవాళ్ళున్నారు. మరోవైపు ఆదివాసీ విజ్ఞానాన్ని ముట్టుకోకూడదనేవాళ్ళున్నారు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది గునియానే. ఆయనకు ఒక్క ఊపిరి లెక్క, వాలిన రెప్ప, నిలబడని మెడ, ఈ మూడూ నేర్పి, ఇవి కనబడితే పూజ ఆపి మోయించమని ఒప్పించగలిగితే, మిగతా మంత్రం ఆయన ఇష్టం. ఒప్పుకుంటారా అని అడుగుతారు. శబరి ఒడ్డున ఆ పెద్దాయనను అడిగాను. "రెప్పలు వాలితే నేనూ పట్టుకోను సారూ, నా చేతిలో పోయాడంటారు" అన్నాడు. ఆయనకు లక్షణం తెలుసు. వాలిన రెప్పను తన పేరుకు వచ్చే ముప్పుగా చూస్తున్నాడు, బండి పిలవవలసిన వేళగా చూడటం లేదు.

పంపిన తర్వాత అక్కడేం ఉండాలన్నది మన వైపు లెక్క. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పాముకాటు మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది, 2030కల్లా చావులు సగం చేయాలని. రక్తపింజరి, చిన్నపింజరి కాట్లకు ఒక పరీక్ష ఉంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చేయవచ్చు. రెండు మిల్లీలీటర్ల రక్తం పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి, ఒకసారి వంచి చూడాలి. గడ్డ కట్టకపోతే విషం ఎక్కినట్టు, విరుగుడు మొదలుపెట్టాలి. గొట్టం కొత్తదై ఉండాలి. సబ్బు పొడితో కడిగిన గొట్టంలో మామూలు రక్తం కూడా సరిగా గడ్డ కట్టదు. ప్లాస్టిక్ గొట్టమూ పనికిరాదు, గడ్డ కట్టడాన్ని మొదలుపెట్టేది గాజు గోడే. ఆరోగ్య కేంద్రాలకు వస్తున్నవి ఎక్కువగా ప్లాస్టిక్ గొట్టాలు. ఎవరైనా మిత్రులు ఆ వైపు వెళితే, ఉపన్యాసం ఇచ్చే ముందు స్టోర్ రూములోకి వెళ్ళి స్టాకు రిజిస్టరులో గాజు గొట్టాల పద్దు ఉందా, ఉంటే బీరువాలో ఆ సంఖ్య ఉందా అన్నది చూడండి. ముందు బీరువా, తర్వాత రిజిస్టరు.